రైతు సంఘాలకు సొంత ‘మార్కా’: లోగో తయారీ నుంచి ఆన్‌లైన్ అమ్మకం వరకు పాటించాల్సిన మెళకువలు

లోగో అనే మాట మన రైతులకు కొత్త కావచ్చు కానీ ఆ పని కొత్తది కాదు. రైస్ మిల్లు వాళ్లు గోతం మీద అచ్చు వేసే ‘మార్కా’ అదే. చదువు రాని ఇల్లాలు కూడా కొట్టుకు వెళ్లి ‘ఏనుగు మార్కా ఇవ్వు’ అని బొమ్మ పేరు చెప్పి తెచ్చుకునేది. ఇప్పుడు ఆ కొట్టు సెల్‌ఫోన్‌లోకి వచ్చింది. కృష్ణా డెల్టాలో చాలామంది రైతులు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు (ఎఫ్‌పీఓలు) బియ్యం, మినపగుళ్లు, పసుపు, బెల్లం, మామిడి పండ్లను వాట్సాప్ ద్వారా విజయవాడ, హైదరాబాద్ ఇళ్లకు నేరుగా అమ్ముతున్నారు. ఫోన్‌లో కొనేవారు గింజ నమిలి చూడలేరు, పండు వాసన చూడలేరు. పేరును, బొమ్మను నమ్మి డబ్బు ముందే పంపుతారు. అందుకే లోగోకు ఇప్పుడు ఇంత విలువ.

నాకు తెలిసిన ఒక డెల్టా సంఘం మూడేళ్లు కష్టపడి బియ్యానికి మంచి పేరు తెచ్చుకుంది. లోగో గీయించింది, ఫేస్‌బుక్ పేజీ తెరిచింది, ఆర్డర్ల ఫోన్ నంబరు చూసుకుంది సభ్యుల్లో ఒకరి అబ్బాయి. చురుకైన కుర్రవాడు, పనంతా ఉచితంగానే చేశాడు. ఉద్యోగం వచ్చి వేరే ఊరు వెళ్లాక తెలిసింది: నంబరు అతని పేరు మీద ఉంది, పేజీ అతని ఖాతాలో ఉంది, లోగో అసలు ఫైలు పాడైపోయిన అతని పాత కంప్యూటర్లో ఉంది. పాత కొనుగోలుదారులు ఇప్పటికీ ఆ నంబరుకే ఫోన్ చేస్తారట. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. ముందుగా రాసిపెట్టుకోకపోవడమే లోపం. సంఘం మళ్లీ కొత్త పేరుతో మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

కాబట్టి ఈ వ్యాసంలో లోగో అందంగా ఎలా ఉండాలన్న దానికంటే, అది మీ సొంతం ఎలా అవుతుంది, మీ సొంతంగా ఎలా నిలుస్తుంది అన్నదే ఎక్కువగా చెబుతున్నాను.

ముందు సరుకు, తర్వాత లోగో

లోగో లేని సరుకు బాగాలేకపోతే కొన్నవారు దుకాణదారుడిని తిడతారు. లోగో ఉన్న సరుకు బాగాలేకపోతే మిమ్మల్నే తిడతారు. లోగో అంటే బస్తా మీద మీరు పెట్టే సంతకం. సంతకం పెట్టే ముందు ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి.

• ప్రతిసారీ ఒకే రకం సరుకు ఇవ్వగలరా? బాపట్లలో పుట్టిన బీపీటీ 5204 (సాంబ మసూరి) అని లేబుల్ మీద రాసి వేరే సన్నాలు కలిపితే అన్నం వండగానే తెలిసిపోతుంది. సభ్యులందరి ధాన్యాన్నీ ఒకేచోట కలిపే ముందు రకం, తేమ, నూక శాతం ఇంత ఉండాలని సంఘం తీర్మానం చేసుకోవాలి.

• తప్పు జరిగితే ఏ లాటులో జరిగిందో కనిపెట్టగలరా? ప్రతి ప్యాకెట్ మీద బ్యాచ్ నంబరు వేసి, ఏ రైతు సరుకు ఏ బ్యాచ్‌లో పోసిందీ పుస్తకంలో రాసుకోవాలి. అప్పుడే ఒక్క లాటును వెనక్కి తీసుకుని మిగతా పేరు కాపాడుకోవచ్చు.

• పద్ధతి సరైనదేనా? మామిడిని కాల్షియం కార్బైడ్‌తో మగ్గబెట్టడం చట్టరీత్యా నిషేధం. ఎథిలీన్ వాయువును 100 పీపీఎం మించకుండా వాడవచ్చు. నూజివీడు రసాలైనా, బంగినపల్లి అయినా సొంత లోగోతో పెట్టె కట్టేటప్పుడు ఈ విషయంలో రాజీ పనికిరాదు.

ఈ మూడింటికీ ‘అవును’ అని చెప్పలేకపోతే ఒక సీజను ఆగండి. ముందు సరుకును దారిలో పెట్టుకోండి.

పేరు ఎంపికలో జాగ్రత్తలు

మనవాళ్లు పేరు అనగానే కృష్ణా, కృష్ణవేణి, కనకదుర్గ, అమరావతి, డెల్టా అంటారు. వినడానికి బాగుంటాయి, ఇబ్బంది కూడా అక్కడే ఉంది. సరుకు పుట్టిన చోటును మాత్రమే తెలిపే పేరుకు, సరుకు రకాన్ని మాత్రమే తెలిపే పేరుకు ట్రేడ్‌మార్కు చట్టం (1999) సాధారణంగా ఒక్కరికే హక్కు ఇవ్వదు. ‘కృష్ణా రైస్’ అని పెట్టుకుంటే రేపు పక్క మండలం వారు అదే పేరు పెట్టినా ఆపడం కష్టం. మత విశ్వాసాలను నొప్పించే అవకాశం ఉన్న గుర్తులనూ చట్టం ఒప్పుకోదు. పవిత్ర గ్రంథం పేరును ఒకే వ్యాపారి తన సొంత మార్కుగా చేసుకోవడం కుదరదని 2015లో ఒక అగరువత్తుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దేవతల పేర్లు, బొమ్మల విషయంలో ఇంకో ఇబ్బందీ ఉంది. ఖాళీ సంచి చివరికి చెత్తకుప్పలో పడుతుంది, అది మనకే బాధ కలిగిస్తుంది.

ఒకే పేరును పలువురు పంచుకుంటే ఏమవుతుందో పాల ప్యాకెట్ చూస్తే అర్థమవుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో సహకార పాడి సమాఖ్యకు ‘విజయ’ అనే పేరు ఉండేది. తర్వాత జిల్లా యూనియన్లు ఎవరి దారి వారు చూసుకున్నా, విజయవాడలోని కృష్ణా మిల్క్ యూనియన్ ‘విజయ’ పేరుతోనే అమ్ముతోంది. తెలంగాణ పాడి సమాఖ్య ‘విజయ తెలంగాణ’ అంటుంది. ప్యాకెట్ తిప్పి చిరునామా చదివితే తప్ప ఎవరి పాలో తెలియదు. గుంటూరు జిల్లా యూనియన్ ‘సంగం’ అనే వేరే పేరుతో నిలబడింది, ఆ పేరు వినగానే ఎవరిదో తెలిసిపోతుంది. అలాగని పేరు పంచుకోవడమే తప్పని కాదు. గుజరాత్‌లో ‘అమూల్’ ట్రేడ్‌మార్కు ఖేడా జిల్లా యూనియన్ పేరిట ఉంది, మిగతా జిల్లాల యూనియన్లు సమాఖ్య ద్వారా అదే పేరుతో అమ్ముకుంటున్నాయి. హక్కు ఎవరిదో, వాడే నియమాలేమిటో ముందే తేలి ఉండాలి.

పేరు ఖాయం చేసే ముందు ఈ పనులు చేయండి.

• ట్రేడ్‌మార్కుల శాఖ (ఐపీ ఇండియా) వెబ్‌సైట్‌లో పేరును ఉచితంగా వెతకవచ్చు. అక్షరాలు మార్చి, ఉచ్చారణ దగ్గరగా ఉన్న పేర్లను కూడా వెతకండి.

• గూగుల్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, అమెజాన్‌లో అదే పేరుతో ఎవరైనా అమ్ముతున్నారేమో చూడండి.

• ఫోన్‌లో ఒకసారి చెబితే అవతలివారు తప్పులేకుండా రాసుకోగలగాలి. తెలుగులో, ఇంగ్లీషులో రాసినప్పుడు ఒకేలా పలకాలి.

• ఊళ్లో వాడుకలో ఉన్న చిన్న మాట, పొలం పేరు, కాలువ పేరు వంటివి వేరేవారికి తట్టవు. అలాంటివి మంచివి.

లోగో ఎలా ఉండాలి?

వరి కంకి, ఎద్దుల బండి, ఉదయించే సూర్యుడు, ప్రకాశం బ్యారేజీ, చుట్టూ సంఘం పూర్తి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు. ఇవన్నీ ఒకే గుండ్రంలో ఇరికించిన లోగోలు డెల్టాలో చాలా చూశాను. ఫ్లెక్సీ మీద ఘనంగా ఉంటాయి. వాట్సాప్‌లో కందిగింజంత సైజులో చూస్తే పచ్చని మరకలా కనిపిస్తాయి. పైగా అందరివీ ఒకేలా ఉంటాయి.

• ఒకే బొమ్మ, ఒకే పేరు చాలు. రెండు రంగులు మించవద్దు.

• నలుపు ఒక్క రంగులో కూడా గుర్తుపట్టేలా ఉండాలి. గోతం మీద అచ్చుకు, రబ్బరు స్టాంపుకు, బిల్లు పుస్తకానికి ఒక రంగే ఉంటుంది.

• వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రొఫైల్ బొమ్మ గుండ్రంగా కనిపిస్తుంది, మూలలు తెగిపోతాయి. చదరంగా గీయించినా, ముఖ్యమైన భాగం మధ్యలో ఉండాలి.

• పరీక్ష ఇలా చేయండి: లోగోను ఫోన్‌లో గోరంత సైజుకు తగ్గించి, చేయి చాపి దూరంగా పట్టుకుని, ఇంట్లో పెద్దవారిని ‘ఇదేమిటి?’ అని అడగండి. చెప్పలేకపోతే మళ్లీ గీయించండి.

• మన ప్రెస్సుల్లో తెలుగు అక్షరాలకు ఎక్కువగా అను ఫాంట్లు వాడతారు. అచ్చుకు బాగానే ఉంటాయి కానీ ఆ ఫైలులోని మాటను ఫోన్‌లో అతికిస్తే అర్థం లేని గుర్తులు వస్తాయి. పేజీ పేరు, సరుకు వివరాలు యూనికోడ్ తెలుగులోనే టైపు చేయించండి. రామభద్ర, మండలి, సూరన్న వంటి యూనికోడ్ తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి, వ్యాపారానికి వాడుకునే అనుమతి కూడా ఉంది.

• ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మను దించుకుని వాడవద్దు. అది ఇంకొకరి ఆస్తి. కంప్యూటర్ ప్రోగ్రాములతో క్షణంలో తయారయ్యే లోగోల్లో తెలుగు ఒత్తులు, గుణింతాలు తప్పుగా రావడం మామూలే. అలాంటి బొమ్మే ఇంకొకరికీ వచ్చి ఉండవచ్చు.

గీసినవారి నుంచి రాతపూర్వకంగా తీసుకోండి

డబ్బులిచ్చి గీయించాం కాబట్టి లోగో మనదే అనుకుంటాం. లోగో ఒక కళాకృతి. కాపీరైట్ చట్టం (1957) ప్రకారం వేరే ఒప్పందం లేకపోతే సాధారణంగా మొదటి హక్కు గీసినవారికే ఉంటుంది. ఆ హక్కును మీకు మార్చడం రాతపూర్వకంగానే జరగాలి. చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. ఒప్పందంలో కాలపరిమితి రాయకపోతే హక్కు ఐదేళ్లకే ఇచ్చినట్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే ఇచ్చినట్లు చట్టం భావిస్తుంది. అమెరికాలోని మనవారికి పచ్చళ్లు పంపాలనుకునే సంఘానికి ఇది చిన్న విషయం కాదు.

అందువల్ల ఒక కాగితం మీద ఇంత రాయించుకుంటే చాలు: ఏ లోగో (బొమ్మ అతికించాలి), ఎవరు గీశారు, ఎవరికి ఇస్తున్నారు (వ్యక్తి పేరు కాదు, సంఘం పేరు), ఎంత సొమ్ము ముట్టింది, హక్కులన్నీ కాపీరైట్ గడువు ఉన్నంతకాలం, ప్రపంచమంతటికీ సంఘానివే అనే మాట, తేదీ, ఇద్దరి సంతకాలు, సాక్షులు. ఉచితంగా గీసిచ్చిన మన పిల్లల దగ్గర కూడా ఈ కాగితం తీసుకోండి. నమ్మకం లేక కాదు, రేపు పదవుల్లో మీరు ఉండరు, ఆ అబ్బాయి ఊళ్లో ఉండడు.

కాగితంతోపాటు ఫైళ్లు కూడా తీసుకోవాలి. ఎంత పెద్దది చేసినా చెదరని అసలు ఫైలు (కోరల్‌డ్రా, ఇలస్ట్రేటర్ లేదా ఎస్‌వీజీ), వెనుక రంగు లేని పీఎన్‌జీ ఫైలు, నలుపు రంగు ఫైలు, రంగుల నంబర్లు. వాట్సాప్‌లో ఫొటోగా వచ్చిన జేపీజీ ఒక్కటే ఉంటే కవరు అచ్చువేసే చోట పనికిరాదు. ఫైళ్లను సంఘం ఈమెయిల్‌లో ఒకచోట, పెన్‌డ్రైవ్‌లో ఒకచోట దాచండి.

ట్రేడ్‌మార్కు నమోదు

• ఎక్కడ: దరఖాస్తు (టీఎం-ఏ ఫారం) ఆన్‌లైన్‌లో చేయవచ్చు. మన రాష్ట్రం చెన్నై ట్రేడ్‌మార్కు రిజిస్ట్రీ పరిధిలోకి వస్తుంది.

• రుసుము: ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న పరిశ్రమలకు రూ.4,500. మిగతావారికి రూ.9,000. ఎఫ్‌పీఓ చిన్న పరిశ్రమగా ఉద్యం నమోదు చేసుకుని ఆ పత్రం జతచేస్తే తక్కువ రుసుము సరిపోతుంది. ఏజెంటు ద్వారా చేయిస్తే వారి ఫీజు అదనం.

• తరగతులు: తాజా పండ్లు, కూరగాయలు, విత్తనాలు 31వ తరగతి. బియ్యం, పసుపు, మసాలాలు, తేనె 30వ తరగతి. పచ్చళ్లు, వంటనూనెలు, నెయ్యి 29వ తరగతి. మీరు నిజంగా అమ్మే సరుకుకే కట్టండి.

• పేరా, బొమ్మా: రెండింటికీ సొమ్ము లేకపోతే ముందు పేరును నమోదు చేయండి. పేరుకు హక్కు వస్తే రేపు బొమ్మ మార్చుకున్నా రక్షణ ఉంటుంది. తెలుగు లిపిలో పేరు ఉంటే ఇంగ్లీషు అక్షరాల్లో ఉచ్చారణ, అర్థం కూడా ఇవ్వాలి.

• గడువు: పరిశీలన తర్వాత పత్రికలో ప్రకటిస్తారు. నాలుగు నెలల్లో ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. నమోదైతే హక్కు దరఖాస్తు తేదీ నుంచి వర్తిస్తుంది, పదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి.

• గుర్తులు: దరఖాస్తు చేసినవారు పేరు పక్కన ‘టీఎం’ అని వేసుకోవచ్చు. సున్నాలో ‘ఆర్’ గుర్తు నమోదు పత్రం వచ్చాకే వేయాలి. ముందే వేయడం చట్టవిరుద్ధం.

నమోదు ఆలస్యమైనా మొదటి రోజు నుంచి బిల్లులు, తేదీలున్న లేబుళ్లు, పేజీలో పెట్టిన ఫొటోలు దాచండి. ‘ఈ పేరు మేమే ముందు వాడాం’ అని నిరూపించాల్సిన రోజు వస్తే అవే సాక్ష్యం. దరఖాస్తు సంఘం పేరుతోనే చేయాలి, అధ్యక్షుడి పేరుతో కాదు. చాలామంది సభ్యులు ఎవరి సరుకు వారు ఒకే గుర్తుతో అమ్ముకోవాలంటే చట్టంలో ‘సామూహిక మార్కు’ అనే ఏర్పాటు ఉంది. దానికి వాడకం నియమావళి రాసి ఇవ్వాలి.

మనవి కాని గుర్తులు వాడవద్దు

• జాతీయ చిహ్నం (మూడు సింహాలు), జాతీయ జెండా, గాంధీజీ బొమ్మ, ప్రభుత్వ శాఖల చిహ్నాలు వ్యాపార గుర్తుల్లో పెట్టకూడదు. శాఖ పథకంలో సాయం పొందినా శాఖ గుర్తు ప్యాకెట్ మీద వేసే హక్కు రాదు.

• ధ్రువీకరణ లేకుండా ‘ఆర్గానిక్’ అని రాయడం, జైవిక్ భారత్ గుర్తు వేయడం తప్పు. తక్కువ ఖర్చుతో పీజీఎస్-ఇండియా పద్ధతిలో రైతుల బృందంగా ధ్రువీకరణ పొందవచ్చు. మార్పిడి దశలో ‘పీజీఎస్-ఇండియా గ్రీన్’, పూర్తయ్యాక ‘పీజీఎస్-ఇండియా ఆర్గానిక్’ గుర్తు ఇస్తారు.

• అగ్మార్క్ ముద్రకు అనుమతి పత్రం ఉండాలి.

• గుంటూరు సన్నం మిర్చి, బంగినపల్లి మామిడి వంటి వాటికి భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది. జీఐ గుర్తు వేయాలంటే నమోదైన ప్రాంతంలో పండించి, అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. మీ ఊరు ఆ పరిధిలో ఉందో లేదో జీఐ రిజిస్టరులో చూసుకోండి.

లేబుల్, పన్ను

సరుకు పేరు, నికర బరువు, గరిష్ఠ చిల్లర ధర, ప్యాక్ చేసిన నెల, సంవత్సరం, ప్యాక్ చేసినవారి పేరు, చిరునామా, ఫిర్యాదుల నంబరు ప్యాకెట్ మీద ఉండాలి. ఆహార పదార్థాన్ని ప్యాక్ చేసి అమ్మేవారికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ లేదా లైసెన్సు కావాలి. ఆ 14 అంకెల నంబరును లేబుల్ మీద వేయాలి. లోగో ఎంత పెద్దదైనా ఈ వివరాలను కప్పకూడదు. ఆన్‌లైన్‌లో సరుకు పెట్టినప్పుడు లేబుల్ ఫొటో కూడా స్పష్టంగా పెట్టండి.

‘లోగో వేస్తేనే జీఎస్టీ, లేకపోతే లేదు’ అన్నది పాత మాట. 2022 జూలై 18 నుంచి బ్రాండ్‌తో సంబంధం లేకుండా 25 కిలోల వరకు ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పుల వంటి వాటికి 5 శాతం పన్ను వచ్చింది. బజారులో 26 కిలోల బియ్యం బస్తాలు కనిపించడానికి కారణం అదే. మీ అమ్మకాల స్థాయిని బట్టి నమోదు అవసరమో కాదో అకౌంటెంటును అడిగి మొదలుపెట్టండి.

ఆన్‌లైన్‌లో లోగో వాడే పద్ధతి

• వాట్సాప్ బిజినెస్ ఉచితం. ప్రొఫైల్‌లో లోగో, చిరునామా, పనివేళలు పెట్టి, క్యాటలాగ్‌లో ఒక్కో సరుకు ఫొటో, బరువు, ధర పెట్టండి. మొదటి ఏడాది చిన్న సంఘానికి ఇదే చాలు.

• గూగుల్ మ్యాప్స్‌లో గోదాము లేదా అమ్మే చోటును నమోదు చేయండి. కొన్నవారు రాసే అభిప్రాయాలు అక్కడ నిలుస్తాయి. తిట్టినా మర్యాదగా జవాబివ్వండి.

• వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, ప్యాకెట్, బిల్లు, ఆటో మీద బోర్డు అన్నింటిలో ఒకే లోగో, ఒకే రంగులు, ఒకే పేరు వాడండి. పండుగకో రంగు మారిస్తే గుర్తు నిలవదు.

• రోజూ లోగో బొమ్మే పెడితే ఎవరూ చూడరు. నాట్లు, కోత, మినుము కళ్లం, మర ఆడించడం, ప్యాకింగ్ ఫొటోలు పెట్టి మూలన లోగో చిన్నగా వేయండి. జనం చూడాలనుకునేది మీ పొలాన్ని.

• క్యూఆర్ కోడ్ సంఘం కరెంటు ఖాతాకే ఉండాలి. డబ్బు పంపేటప్పుడు కనిపించే పేరు, లోగోలోని పేరు ఒకటే అయితే కొనేవారికి ధైర్యం.

ఖాతాలు సంఘం చేతిలో ఉండాలి

• ఫోన్ నంబరు సంఘం పేరు మీద తీసుకోండి. రీఛార్జి చేయకుండా వదిలేస్తే ఆ నంబరు రద్దై వేరేవారికి వెళ్లిపోతుంది.

• సంఘానికి ఒక ఈమెయిల్ తెరిచి, అన్ని ఖాతాలూ దానితోనే నమోదు చేయండి.

• ఫేస్‌బుక్ పేజీకి కనీసం ఇద్దరు అడ్మిన్లు ఉండాలి. వాట్సాప్‌కు రెండంచెల పిన్ పెట్టండి.

• పాస్‌వర్డులు కాగితం మీద రాసి, కవరులో సీలు వేసి తీర్మానాల పుస్తకంతోపాటు బీరువాలో ఉంచండి. పాలకవర్గం మారినప్పుడు మార్చండి.

• వెబ్‌సైట్ పేరు కొంటే సంఘం పేరిట కొని, పునరుద్ధరణ తేదీ గోడ క్యాలెండరులో రాసుకోండి.

గుర్తుంచుకోవాల్సినవి

సరుకు నిలకడ, వెతికి చూసిన పేరు, ఒకే బొమ్మ, గీసినవారి సంతకం, సంఘం పేరిట దరఖాస్తు, సరైన లేబుల్, సంఘం చేతిలో ఖాతాలు. ఇదే వరుస. కవర్లు అచ్చు వేయించడం చివర్లో పెట్టుకోండి. పేరు ఖాయం కాకముందే వేలల్లో కవర్లు వేయించి మూలన పడేసిన సంఘాలు ఉన్నాయి. మొదట తెల్ల కవరుకు స్టిక్కరు అంటించి ఒక సీజను అమ్మి చూడండి.

వచ్చే సమావేశంలో ఈ ఒక్క ప్రశ్న అజెండాలో పెట్టండి: ‘మన ఫోన్ నంబరు, మన పేజీ, మన లోగో ఎవరి పేరు మీద ఉన్నాయి?’ ముగ్గురిలో ఏ ఇద్దరు వేర్వేరు జవాబులు చెప్పినా ఆ రోజే సరిదిద్దుకోండి. పొలం పాసు పుస్తకాన్ని ఎంత భద్రంగా చూసుకుంటామో, పేరును కూడా అంత భద్రంగా చూసుకోవాలి.